కనిపించని నాలుగు హద్దులు



మన దగ్గర ఇంటి స్థలానికి దస్తావేజు రాయించేటప్పుడు చివర్లో చెక్కుబందీ రాస్తారు. తూర్పున ఫలానా వారి ఇల్లు, దక్షిణాన రోడ్డు, పడమట పంట కాలువ, ఉత్తరాన మరొకరి ఖాళీ స్థలం. ఆ నాలుగింటి మధ్య ఉన్నది మనది. మెక్సికోలో రాసే దస్తావేజుల్లోనూ ఇలాగే దిక్కుల వారీగా కొలతలు, పక్క స్థలాల వివరాలు ఉంటాయి. కానీ ఆ దేశానికి తూర్పు కొసన, కరీబియన్ సముద్రం ఒడ్డున ఉన్న కింతానా రో అనే రాష్ట్రంలో స్థలం కొనేవాళ్ళకు ఆ నాలుగూ చాలవు. నేల మీద ఎక్కడా రాయి పాతి కనిపించని హద్దులు ఇంకో నాలుగున్నాయి. సముద్రం నుంచి 20 మీటర్ల దూరంలో ఒకటి. 50 కిలోమీటర్ల దూరంలో ఒకటి. మున్సిపాలిటీది ఒకటి. రైతుల ఉమ్మడి భూమిది ఒకటి. ఒక్కో హద్దుకు ఒక్కో ఆఫీసు, ఒక్కో రిజిస్టరు, ఒక్కో చట్టం. ఇవాళ ఆ నాలుగింటి గురించి చెప్పుకుందాం.

రాష్ట్రం పేరు కొత్తగా వినిపించవచ్చు గానీ, అందులోని ఒక ఊరి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. కాన్‌కున్. అమెరికాలో, ముఖ్యంగా టెక్సస్‌లో ఉంటున్న మన పిల్లలు సెలవులు దొరికితే వెళ్ళే ఊళ్ళలో అదొకటి. అక్కడ సముద్రం కనిపించే ఫ్లాటో, ఏడాదికో వారం వాడుకునే వాటాయో అంటగట్టడానికి టిఫిన్ పెట్టి మరీ కూర్చోబెట్టే ఏజెంట్లు ఉంటారు. కాబట్టి ఈ సంగతి మనకు బొత్తిగా సంబంధం లేనిదేమీ కాదు.

ముందు ఆ రాష్ట్రం సంగతి రెండు మాటల్లో. యూకతాన్ ద్వీపకల్పంలో తూర్పు భాగం అది. అక్కడి మాయా ప్రజలు 1847లో తిరగబడి, దాదాపు యాభై ఏళ్ళు ఆ అడవిని తమ ఏలుబడిలో ఉంచుకున్నారు. తమ భూముల మీదికి చెరకు తోటలు, దొరలు వచ్చి పడటం ఆ తిరుగుబాటుకు ఒక ముఖ్య కారణం. 1901లో సైన్యం వాళ్ళ ముఖ్యపట్టణాన్ని పట్టుకుంది. మరుసటి ఏడాది, 1902లో, అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ ఆ ప్రాంతాన్ని యూకతాన్ రాష్ట్రం నుంచి విడదీసి కేంద్రపాలిత ప్రాంతం చేశాడు. రాష్ట్ర హోదా మాత్రం 1974 అక్టోబరు 8న గానీ రాలేదు. 1970 జనాభా లెక్కల్లో అక్కడున్నవాళ్ళు 88 వేల మంది. 2020 లెక్కల్లో 18 లక్షల 57 వేలు. యాభై ఏళ్ళలో ఇరవై రెట్లకు పైగా! పిల్లలు పుట్టి పెరిగిన జనాభా కాదిది. బస్సులెక్కి పని వెతుక్కుంటూ వచ్చిన జనాభా.

ఆ పని ఎక్కడి నుంచి వచ్చింది? 1960ల చివర్లో మెక్సికో కేంద్ర బ్యాంకుకు డాలర్లు కావలసివచ్చాయి. పర్యాటకులను రప్పిస్తే డాలర్లు వస్తాయి. ఆ బ్యాంకు అధికారులు దేశపు తీరాలు గాలించి, పక్కా ప్రణాళికతో కొత్త పర్యాటక పట్టణాలు కట్టడానికి చోట్లు ఎంచారు. వాటిలో మొదటిది కాన్‌కున్. యూకతాన్‌లో కిత్తలినార పరిశ్రమ కుదేలై, కూలీలు పని లేక ఉన్న రోజులవి. 1970 ఏప్రిల్ 20ని ఊరి పుట్టినరోజుగా జరుపుకుంటారు. అప్పటికి ఆ ఇసుక దీవి మీద కొబ్బరితోట కాపలా కాసే కొద్దిమంది తప్ప ఎవరూ లేరు. 1971లో అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు అప్పు ఇచ్చింది. రోడ్డు పడింది, విమానాశ్రయం వచ్చింది. తొలి హోటళ్ళూ రాష్ట్ర హోదా ఇంచుమించు ఒకేసారి వచ్చాయి.

సరే, హద్దుల్లోకి వద్దాం.

మొదటిది 20 మీటర్ల హద్దు. మెక్సికో చట్టం ప్రకారం సముద్రతీరం దేశం సొత్తు. ఆటు వచ్చి పోటు తగిలే ఇసుకంతా బీచ్. పోటు ఎక్కడిదాకా వస్తుందో అక్కడి నుంచి లోపలికి, నడవడానికి వీలైన నేల మీద మరో 20 మీటర్లు కేంద్ర ప్రభుత్వ తీర మండలం. దీన్ని ఎవరికీ అమ్మరు. కావలసినవాళ్ళు కన్సెషన్, అంటే నిర్ణీత కాలానికి వాడుకునే అనుమతి తీసుకుని, ఏటా రుసుము కడతారు. మీరు ఫోటోలో చూసే గొడుగులు, మంచాలు, చెక్క బల్లలు చాలావరకు అలాంటి అనుమతి మీద వేసినవే. హోటలు వాళ్ళది, గొడుగు వాళ్ళది, గొడుగు కింద నేల మాత్రం వాళ్ళది కాదు.

పోటు గీత ఒకచోట నిలిచేది కాదు. అందుకే ఈ హద్దూ కదులుతుంది. సముద్రం ముందుకొచ్చి ఒకరి పెరడు కోసుకుపోతే 20 మీటర్ల లెక్క కొత్త పోటు గీత దగ్గర మొదలవుతుంది. నిన్నటిదాకా పట్టా భూమిగా ఉన్న ముక్క ఇవాళ దేశానిదైపోతుంది. పాత యజమానికి మిగిలేది, కన్సెషన్ ఇచ్చేటప్పుడు ముందుగా తనను అడగాలన్న హక్కు ఒక్కటే. అదే సముద్రం వెనక్కి తగ్గి నేల బయటపడితే? అదీ దేశానిదే. 2005 అక్టోబరులో విల్మా తుపాను వచ్చి గంటల తరబడి కాన్‌కున్ నెత్తిన తిష్ఠ వేసింది. వెళ్ళేటప్పుడు బీచ్‌లో ఇసుకంతా ఊడ్చుకుపోయింది. చాలా హోటళ్ళ ముందు రాళ్ళు తేలాయి. ప్రభుత్వం సముద్రగర్భం నుంచి ఇసుక తోడి తెచ్చి మళ్ళీ బీచ్ పరిచింది. కొన్నేళ్ళకు ఆ ఇసుకా కొట్టుకుపోతే ఇంకోసారి పరిచింది. జనం సొమ్ముతో పోసిన ఇసుక జనానిదే కావాలి కదా! కానీ అక్కడి మామూలు మనిషికి ఆ ఇసుక మీదికి చేరడమే గగనం. హోటల్ గోడలు ఒకదానికొకటి ఆనుకుని కట్టేస్తే, బీచ్ అందరిదీ అని చట్టంలో ఉండి ఏం లాభం? దారి ఉండాలిగా. 2020 అక్టోబరులో పార్లమెంటు చట్టం సవరించింది. బీచ్‌కు వెళ్ళే దారి మూసినవాళ్ళకు భారీ జరిమానా, మళ్ళీ మళ్ళీ చేస్తే కన్సెషన్ రద్దు.

2015 నుంచి ఈ తీరానికి ఇంకో తలనొప్పి పట్టుకుంది. సర్గాసం అనే గోధుమరంగు నాచు గుట్టలు గుట్టలుగా కొట్టుకొస్తోంది. కుళ్ళితే కోడిగుడ్డు కుళ్ళిన కంపు. బీచ్ దేశానిది, నాచును సముద్రంలోనే అడ్డుకునేది నౌకాదళం, ఒడ్డుకు వచ్చిందాన్ని ఎత్తిపోసేది మున్సిపాలిటీ కూలీలు, హోటల్ పనివాళ్ళు. హక్కు ఒకరిది, చాకిరీ ఇంకొకరిది.

రెండో హద్దు 50 కిలోమీటర్లది. 1917లో రాసుకున్న మెక్సికో రాజ్యాంగంలో 27వ అధికరణం ఉంది. తీరం నుంచి 50 కిలోమీటర్లు, దేశ సరిహద్దు నుంచి 100 కిలోమీటర్ల లోపల విదేశీయులు నేరుగా భూమి యజమానులు కాకూడదు అంటుంది అది. ఎందుకంత పట్టుదల? 1836లో టెక్సస్ పోయింది. అమెరికా నుంచి వచ్చి స్థిరపడ్డ భూస్వాములే ముందు నిలిచి దాన్ని విడగొట్టారు. ఆ తర్వాత 1846లో మొదలైన యుద్ధం 1848లో ముగిసేసరికి దేశంలో సగం దాకా అమెరికా పాలైంది. 1860ల్లో ఫ్రెంచి సైన్యం వెరాక్రూస్ రేవులో దిగి రాజధానిదాకా వచ్చింది. ఇన్ని దెబ్బలు తిన్న దేశం తీరం మీద పరాయి పేర్లు చూడటానికి ఇష్టపడకపోవడంలో వింత లేదు. ఇదే అధికరణంలో ఇంకో షరతు ఉంది. మెక్సికోలో ఆస్తి కొనే విదేశీయుడు ఆ ఆస్తి విషయంలో తనను మెక్సికో పౌరుడిలాగే చూడటానికి ఒప్పుకోవాలి. తగాదా వస్తే తన దేశ ప్రభుత్వాన్ని సాయం అడగనని రాసివ్వాలి. అడిగితే ఆస్తి దేశపరం.

మరి కాన్‌కున్‌లో అన్ని వేలమంది అమెరికన్లు, కెనడా వాళ్ళు ఇళ్ళెలా కొన్నారు? అంతకుముందు మెక్సికో తీరాల్లో మనకు బాగా తెలిసిన పద్ధతే నడిచింది, బినామీ. స్థానికుడి పేరు మీద కొనడం, ఆ తర్వాత అతను గానీ అతని వారసులు గానీ అడ్డం తిరిగితే లబోదిబోమనడం. దానికి విరుగుడుగా 1971లో ఒక ఉత్తర్వుతోనూ 1973లో చట్టంతోనూ ట్రస్టు పద్ధతి తెచ్చారు. స్థలం ఒక మెక్సికో బ్యాంకు పేరు మీద ఉంటుంది. విదేశీయుడు లబ్ధిదారుడు. అతను అందులో ఉండవచ్చు, అద్దెకు ఇవ్వవచ్చు, అమ్ముకోవచ్చు, తన తర్వాత ఎవరికి చెందాలో రాయించవచ్చు. మొదట్లో గడువు 30 ఏళ్ళు. 1993 చివర్లో వచ్చిన విదేశీ పెట్టుబడుల చట్టం దాన్ని 50 ఏళ్ళు చేసింది, పొడిగించుకునే వీలూ ఇచ్చింది. బ్యాంకుకు ఏటా ఫీజు కట్టాలి. నివాసపు ఇళ్ళకైనా ఈ నిబంధన తీసేద్దామని 2013లో దిగువ సభ ఒక సవరణ ఆమోదించింది. సెనేట్‌లో అది ముందుకు కదలలేదు.

ఈ వ్యవహారం బల్ల మీద ఎలా జరుగుతుందో చూద్దాం. రిజిస్ట్రేషన్ నోటరీ ఆఫీసులో జరుగుతుంది. మన కోర్టు ఆవరణలో చెట్టు కింద ముద్ర వేసే నోటరీ కాదు. అక్కడి నోటరీ అంటే ఏళ్ళ అనుభవం ఉన్న న్యాయవాది. రాష్ట్ర ప్రభుత్వం నియమిస్తుంది, పరిమిత సంఖ్యలోనే ఉంటారు. బల్లకు ఒకవైపు కొనేవాళ్ళు, ఇంకోవైపు బిల్డరు మనిషి, పక్కన బ్యాంకు తరఫున సంతకం పెట్టే అధికారి. కొనేవాళ్ళకు స్పానిష్ రాకపోతే దుబాసీ కూడా. నోటరీ దస్తావేజు చదివి వినిపిస్తాడు. విదేశాంగ శాఖ ఇచ్చిన అనుమతి, స్థలం మీద తాకట్టు లేదని రిజిస్ట్రీ ఇచ్చిన పత్రం, అంటే మన ఈసీ లాంటిది, ఆస్తి పన్ను బకాయి లేదన్న రసీదు, నీళ్ళ బిల్లు, విలువ కట్టిన నివేదిక, ఒక్కొక్కటే దాటుకుంటూ వస్తాడు. సంతకాలయ్యాక అసలు దస్తావేజు కొన్నవాడి చేతికి రాదు. అది నోటరీ గ్రంథంలోనే ఉంటుంది. కొన్నవాడికి అందేది ధ్రువీకరించిన నకలు. జీవితకాలం కష్టపడి కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కొన్న మనిషి ఆ నకలు తెరిచి చూసుకుంటే యజమాని అన్నచోట బ్యాంకు పేరు కనిపిస్తుంది.

మూడో హద్దు మున్సిపాలిటీది. మన దగ్గర మున్సిపాలిటీ అంటే పట్టణం, పల్లెకు పంచాయతీ. మెక్సికోలో అలా విడివిడిగా ఉండవు. రాష్ట్రం మొత్తం, అడవితో సహా, ఏదో ఒక మున్సిపాలిటీ కింద ఉండాల్సిందే. జనం ఓట్లతో ఎన్నికైన మున్సిపల్ అధ్యక్షుడు, ఆయన పాలకమండలి మూడేళ్ళు పాలిస్తారు. దేశం మొత్తం మీద ఇలాంటివి 2,400కు పైగా ఉన్నాయి. ఒక్క వహాకా రాష్ట్రంలోనే 570. తెలంగాణలో సగం కన్నా తక్కువ విస్తీర్ణం ఉన్న కింతానా రోకు మాత్రం పదకొండే. రాష్ట్రం ఏర్పడేనాటికి ఏడు. మిగిలిన నాలుగూ ఎప్పుడెప్పుడు పుట్టాయో చూస్తే, నీటి ఒడ్డున గజం ధర ఎప్పుడెక్కడ పెరిగిందో తెలిసిపోతుంది.

ప్లాయా దెల్ కార్మెన్ సంగతే తీసుకోండి. కొసుమెల్ దీవికి లాంచీలు బయలుదేరే చిన్న బెస్తపల్లె అది. 1990లో జనాభా మూడు వేల చిల్లర. ముఖ్యభూమి మీద ఉన్నా, పాలన మాత్రం సముద్రం అవతల ఉన్న కొసుమెల్ దీవి నుంచి. యూరప్ హోటళ్ళ కన్ను ఆ తీరం మీద పడింది. 1993లో దాన్ని కొసుమెల్ నుంచి విడదీసి, అప్పటి అధ్యక్షుడు కార్లోస్ సాలినాస్ నడిపిన పేదరిక నిర్మూలన పథకం పేరే పెట్టి, సొలిదారిదాద్ మున్సిపాలిటీ చేశారు. 2020కి ఊరి జనాభా మూడు లక్షలు దాటింది. విడదీసేటప్పుడు అన్నీ ఇచ్చెయ్యలేదు సుమా. ముఖ్యభూమి మీద రెండు చిన్న ముక్కలు కొసుమెల్ పేరు మీదే ఉండిపోయాయి. వాటిలో ఒకదాంట్లో సున్నపురాయి క్వారీ, ఓడలు ఆగే రేవు ఉండేవి. మ్యాపులో చూస్తే ఒక మున్సిపాలిటీ కడుపులో ఇంకో మున్సిపాలిటీ ముక్కలు. ఆదాయం వచ్చే నేలను ఎవరు మాత్రం వదులుకుంటారు?

ధరల అల తర్వాత దక్షిణానికి జరిగింది. సముద్రం మీదికి చూసే మాయా కోట ఉన్న తులుమ్ 2008లో సొలిదారిదాద్ నుంచి విడిపోయింది. 2011లో రంగులు మారే సరస్సు ఉన్న బకలార్, చెతుమాల్ కేంద్రంగా ఉన్న మున్సిపాలిటీ నుంచి విడిపోయింది. 2015 చివర్లో ప్యూర్తో మొరెలోస్ వేరు కావడానికి ఆమోదం వచ్చింది, అది కాన్‌కున్ ఉన్న బెనీతో హువారెస్ మున్సిపాలిటీలోంచి. చెతుమాల్ అంటే రాష్ట్ర రాజధాని. బెలీజ్ సరిహద్దులో, కాన్‌కున్‌కు సుమారు 380 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగులు, ఆఫీసులు దక్షిణాన, డబ్బు ఉత్తరాన.

మున్సిపాలిటీ కావాలని ఊళ్ళు ఎందుకు పోరాడతాయి? 1983లో రాజ్యాంగంలోని 115వ అధికరణాన్ని సవరించి, ఆస్తి పన్నునూ ఏ స్థలం దేనికి వాడాలో నిర్ణయించే అధికారాన్నీ మున్సిపాలిటీల చేతికిచ్చారు. ఎన్ని అంతస్తులు కట్టవచ్చో, హోటలా ఇళ్ళా అన్నది మున్సిపాలిటీ ప్లాను చెబుతుంది. కానీ మెక్సికోలో ఏటా కట్టే ఆస్తి పన్ను చాలా తక్కువ. జాతీయోత్పత్తిలో అర శాతం కూడా రాదు. పన్ను పెంచిన మున్సిపల్ అధ్యక్షుడికి ఓట్లు పడవు. దానికి బదులు ఆస్తి చేతులు మారినప్పుడల్లా కట్టే పన్ను ఒకటుంది. మన దగ్గర స్టాంపు డ్యూటీ ముఖ్యంగా రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది, అక్కడ ఈ పన్ను మున్సిపాలిటీకి వెళ్తుంది. పర్యాటక మున్సిపాలిటీలకు అది పెద్ద రాబడి. పాత ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా కాపురం ఉంటున్న కుటుంబం వల్ల మున్సిపాలిటీకి వచ్చేది అంతంతమాత్రం. కొత్త టవర్లో రెండు వందల ఫ్లాట్లు అమ్ముడైతే ఒక్కసారిగా ఖజానా నిండుతుంది. మూడేళ్ళ పదవీకాలం ఉన్న పాలకుడు ఎటు మొగ్గుతాడో చెప్పక్కర్లేదు. ఆ టవరు నుంచి వచ్చే మురుగునీటి సంగతి మాత్రం తర్వాతి పాలకమండలి చూసుకోవాలి.

ఇక్కడ కాన్‌కున్ ప్లానును కాస్త దగ్గరగా చూడాలి. ఒకవైపు కరీబియన్ సముద్రం, మరోవైపు నిచుప్తే మడుగు, మధ్యన ఏడు అంకె ఆకారంలో ఇరవై కిలోమీటర్లకు పైగా సాగిన సన్నటి ఇసుక పట్టీ. అది హోటళ్ళకు. పనిచేసేవాళ్ళకు ముఖ్యభూమి మీద వేరే ఊరు. ఆ ఊరిని పెద్ద పెద్ద పేటలుగా కోశారు. పేట చుట్టూ వెడల్పాటి రోడ్లు, లోపల గుర్రపు లాడం ఆకారంలో మలుపు తిరిగి వచ్చే చిన్న వీధులు, నడుమ పార్కు, నడిచే దారులు. వాహనాల హోరు లోపలికి రాదు. ఇప్పటికీ అక్కడ అడ్రసు చెప్పమంటే పేట నంబరు, లోపలి బ్లాకు నంబరు, ప్లాటు నంబరు చెబుతారు. చక్కటి ప్లానే. కానీ ఊరికి ఎంతమంది వస్తారో, ఎంత వేగంగా వస్తారో వేసిన అంచనాలు నిలవలేదు. గదులు ఊడ్చేవాళ్ళు, వంటవాళ్ళు, తాపీమేస్త్రీలు కుటుంబాలతో దిగారు. ప్లాను గీతకు ఉత్తరాన, పడమరన అడవి కొట్టుకుని గుడిసెలు వేసుకున్నారు. ముందు మనుషులు, తర్వాత కరెంటు తీగ, ఆ తర్వాత నీళ్ళు, చిట్టచివర పట్టా. ఆ గుడిసెల పేటలనే అక్కడివాళ్ళు రెహియోన్లు అంటారు. 2020 లెక్కల్లో కాన్‌కున్ జనాభా దాదాపు 8 లక్షల 89 వేలు. వీళ్ళలో చాలామంది బతుకుతున్నది మొదటి ప్లానులో లేని చోట.

జీతం స్లిప్పు ఉన్న కార్మికుడికి ఇంకో దారి ఉంది. 1972లో పెట్టిన ఇన్ఫోనావిత్ అనే కార్మికుల గృహనిధికి యజమాని జీతంలో 5 శాతానికి సమానమైన సొమ్ము జమ చేస్తాడు. దాని మీద గృహరుణం వస్తుంది. కానీ ఆ అప్పుకు దొరికే ఇల్లు ఊరికి దూరంగా, ఒకే అచ్చులో పోసినట్టున్న వరసల్లో ఉంటుంది. తెల్లవారకముందే లేచి బస్సు పట్టుకుని, సముద్రం పక్క గదులు సర్ది, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి ఆ సముద్రంలో కాలు పెట్టే తీరిక ఆదివారం కూడా దొరకదు.

నాలుగో హద్దు అన్నిటికన్నా చిక్కుముడి. ఎహీదో. మెక్సికో విప్లవం తర్వాత భూమిలేని రైతులకు ప్రభుత్వం ఊరుమ్మడిగా ఇచ్చిన భూమి ఇది. లాసరో కార్దెనాస్ అధ్యక్షుడిగా ఉన్న 1934-40 మధ్య ఒక్కడే సుమారు 1 కోటి 80 లక్షల హెక్టార్లు పంచాడు. సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు, అమ్మడానికీ తాకట్టుకూ అప్పట్లో వీల్లేదు. మన ఎసైన్డ్ భూముల మీద 1977 చట్టం పెట్టిన ఆంక్షలు తెలిసినవాళ్ళకు ఇది సులువుగా బోధపడుతుంది. తేడా ఏమిటంటే, అక్కడ భూమి ఒక్కొక్కరికీ కాక మొత్తం ఊరికి ఇచ్చారు, నిర్ణయాలు సభ్యుల సభ తీసుకోవాలి. కింతానా రో నేలలో సగానికి పైగా ఇలాంటిదే.

1992లో సాలినాస్ ప్రభుత్వం 27వ అధికరణాన్నే సవరించింది. కొత్త భూ పంపిణీ ఆగిపోయింది. సభ ఒప్పుకుంటే ఒక్కో రైతు తన ముక్కకు పూర్తి పట్టా తీసుకుని అమ్ముకోవచ్చు. అయితే ఆ సభ మామూలు సభ కాదు. మొదటి పిలుపుకు సభ్యుల్లో ముప్పాతిక మంది రావాలి. వచ్చినవాళ్ళలో మూడింట రెండొంతులు ఒప్పుకోవాలి. నోటరీ, ప్రభుత్వ వ్యవసాయ భూముల శాఖ ప్రతినిధి అక్కడే ఉండాలి. ఆ తర్వాత కూడా మొదటిసారి అమ్మేటప్పుడు కుటుంబసభ్యులనూ ఆ భూమిలో పనిచేసినవాళ్ళనూ ఊరివాళ్ళనూ ముందు అడగాలి. విదేశీయుడు ఎహీదో సభ్యుడు కానేకాడు.

తులుమ్‌లో ధరలు ఆకాశానికి అంటడం మొదలయ్యాక ఇవన్నీ దాటించే దొడ్డిదారి ఒకటి బాగా వాడుకలోకి వచ్చింది. హక్కుల బదలాయింపు అంటూ ఒక కాగితం రాసి, సంతకాలు చేసి, డబ్బు చేతులు మారుస్తారు. మన సాదా బైనామా లాంటిదే. పట్టా ఉన్న స్థలంతో పోలిస్తే చాలా చవక. కొన్నవాడు ఇల్లు కడతాడు, పైన ఈతకొలను కూడా కడతాడు. రిజిస్ట్రీలో అతని పేరు ఉండదు. ఎహీదో సభ ఆ బదలాయింపును గుర్తించకపోతే, లేదా అదే ముక్కను ఇంకొకరికీ రాసిచ్చి ఉంటే అతనికి మిగిలేది వ్యాజ్యం. 2016 జూన్‌లో తులుమ్ బీచ్ రోడ్డు మీద పోలీసులు కాపలా ఉండగా చాలా హోటళ్ళను ఒక్కరోజున ఖాళీ చేయించారు. గదుల్లో ఉన్న అతిథులు పెట్టెలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు. ఆ నేల ఎవరిదన్న తగాదా ఏళ్ళ తరబడి నలుగుతూ ఉన్నదే. 2010 నుంచి 2020 లోపల తులుమ్ మున్సిపాలిటీ జనాభా 28 వేల నుంచి 46 వేలు దాటింది. 2023 డిసెంబరులో కొత్త విమానాశ్రయం వచ్చింది, తర్వాత మాయా రైలు కూడా. ధర ఇంకా దక్షిణానికి జరుగుతోంది.

అన్ని ఎహీదోలూ అమ్ముకున్నాయనుకోకండి. తీరానికి దూరంగా, ఫెలిపే కరీయో ప్యూర్తో మున్సిపాలిటీలో నో బెక్ లాంటి అటవీ ఎహీదోలున్నాయి. ఒకప్పుడు అక్కడి మహాగని చెట్లను ప్రభుత్వ కంపెనీ కొట్టుకుపోయేది. ఊరివాళ్ళకు చెట్టుకింత అని చిల్లర ఇచ్చేది. ఆ కంపెనీ గడువు తీరాక 1983లో ఒక కొత్త అటవీ పథకం మొదలైంది. కొట్టేదీ అమ్మేదీ ఊరే. దానికి ముందు ప్రతి ఎహీదో సభ కూర్చుని, మా భూమిలో ఇంతమేర ఎప్పటికీ అడవిగానే ఉంచుతాం అని తీర్మానం చేసి గీత గీసుకుంది. అడవిని 25 ఏళ్ళ చక్రంలో వంతులవారీగా కొడతారు. ఒకచోట కొట్టాక అక్కడికి మళ్ళీ రావడానికి పాతికేళ్ళు. ఆ ఆదాయంలో ఊరందరికీ వాటా ఉంది కాబట్టి ఆ గీతకు ఊరంతా కాపలా.

తీరాన ఆ అవకాశం ఎంత తక్కువో 2016 జనవరిలో కాన్‌కున్ చూసింది. ఊరి మధ్య మడుగు ఒడ్డున తహమార్ అనే చోట మడ అడవి ఉండేది. పర్యాటక అభివృద్ధి కోసం పెట్టిన కేంద్ర సంస్థే దాన్ని ప్లాట్లు వేసి అమ్మింది. పర్యావరణ అనుమతి పదేళ్ళ కిందటిదే ఉంది. మున్సిపాలిటీ ప్లానులో ఉంది. కాగితాల్లో వంక లేదు. పోలీసుల్ని కాపలా పెట్టి యంత్రాలు దింపి మడ చెట్లు నేలమట్టం చేశారు. ఊరు భగ్గుమంది. వందమందికి పైగా పిల్లల పేర, ఆరోగ్యకరమైన పరిసరాలు మా హక్కు అంటూ కోర్టుకెక్కారు. కోర్టు పనులు ఆపించింది. అక్కడ గమనించాల్సిందొకటుంది. అడగాల్సిన ప్రతి ఆఫీసూ సరే అంది. ఆ సరేలన్నీ కలిస్తే ఊరికి మంచిదవుతుందా అని అడగాల్సిన బాధ్యత మాత్రం ఏ ఆఫీసుదీ కాకపోయింది. అది ఊరే అడగాల్సి వచ్చింది.

ధర పెరిగాక హడావిడిగా గీసిన హద్దులు అమ్మేవాళ్ళకు పనికొచ్చాయి. ధర రాకముందే ఊరు కూర్చుని గీసుకున్న హద్దులు అక్కడ బతికేవాళ్ళకు పనికొచ్చాయి. కాన్‌కున్ మొదటి ప్లాను హోటళ్ళకు ఎంత నేల కావాలో ముందే లెక్కేసింది, కూలీలకు ఎంత కావాలో ఆ తర్వాతి యాభై ఏళ్ళూ వెతుక్కుంటూనే ఉంది.

చివరగా, అమెరికా నుంచి మీ అబ్బాయో అమ్మాయో ఫోన్ చేసి, కరీబియన్ ఒడ్డున ఫ్లాటు చవగ్గా వస్తోంది నాన్నా అంటే, నాలుగు ప్రశ్నలు అడగండి. పోటు గీత నుంచి 20 మీటర్లు వదిలే కట్టారా? ట్రస్టు ఏ బ్యాంకు పేరు మీద, ఇంకా ఎన్నేళ్ళుంది? మున్సిపాలిటీ ప్లాను అక్కడ అన్ని అంతస్తులు ఒప్పుకుంటుందా? ఆ నేల ఎహీదో నుంచి పూర్తి పట్టాగా మారి రిజిస్ట్రీకి ఎక్కిందా? మరీ చవగ్గా ఉందంటే ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి జవాబు ఉండదు. అడ్వాన్సు మాత్రం నాలుగు కాగితాలూ నోటరీ చేత చూపించుకున్నాకే ఇమ్మనండి.